మస్తానయ్య మేడమ్

ఉదయం దుకాణం తెరిచి దేవుడి పటానికి అగరొత్తి వెలిగిస్తుండగా ఫోన్ మోగింది. బోయిన్‌పల్లి నుంచి మా దళపతి.

"అక్కా, మస్తానయ్య పోయిండు."

"ఎవరు రాశారు?" అన్నాను. కోపంగానే అన్నాను. అంత పెద్ద పని మమ్మల్నెవర్నీ అడక్కుండా ఎవరు చేశారా అని.

అటువైపు నుంచి లారీల హారన్లు, హమాలీల కేకలు వినబడుతున్నాయి.

"రాసుడు కాదక్కా. మేడమ్ పోయింది. తెల్లారంగ వాళ్ళ చెల్లె ఫోన్ చేసింది."

నేను గల్లాపెట్టె ముందు కూర్చుండిపోతే, నాన్న వచ్చి నా చేతిలో కాలుతున్న అగరొత్తి తీసి పక్కన పెట్టాడు.

ఆవిడ అసలు పేరు ఇక్కడ రాయను. తన పేరు నలుగురిలో వినబడటం ఆవిడకి బొత్తిగా గిట్టేది కాదు. మాకు ఆవిడ మస్తానయ్య మేడమ్. అలా పిలిస్తే మాత్రం నవ్వేది.

ఆ రోజుల్లో మేం కొందరం కలిసి ఇంటర్నెట్‌లో ఒక కథ ఆడేవాళ్ళం. ఆడటమంటే రాయడమే. నీలకోట అని ఒక ఊరు కల్పించుకున్నాం. అందులో ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర. నా పాత్ర ఏం చేసిందో, ఏమందో నేను ఒకటి రెండు పేరాల్లో రాసి పెడతాను. అది పోస్టు. అది చదివి మరొకరు తమ పాత్ర తరఫున బదులు రాస్తారు. అలా ఒకరి తర్వాత ఒకరు రాస్తూ పోతే కథ ముందుకు నడుస్తుంది. దీన్ని రోల్‌ప్లే అంటారనీ, ఇంగ్లీషులో చాలామంది ఆడతారనీ మాకు తెలుసు. తెలుగులో ఆడేది మాత్రం మేమేనని మా నమ్మకం. కంప్యూటర్ తెర మీద తెలుగు అక్షరం కనబడటమే ఒక వింతగా ఉన్న కాలం అది.

ఇలాంటి ఆటలో అందరికీ ఘనమైన పాత్రలే కావాలి. రాజకుమారుడు, మాంత్రికుడు, దళపతి, రాజవైద్యుడు. ఆవిడ ఏరికోరి తీసుకున్నది గుర్రాలకు లాడాలు కొట్టే ముసలి మస్తానయ్య పాత్ర. కోట గుమ్మం పక్కన ఓ కొట్టం, ఓ కొలిమి, పెదవుల మధ్య మేకులు పెట్టుకుని గొణిగినట్టు మాట్లాడే ముసలాయన. ఎందుకు ఆ పాత్ర అని చాలాకాలం తర్వాత అడిగాను.

"కోటలోకి ఎవరొచ్చినా గుమ్మం దాటే రావాలి కదండీ. కొత్తగా వచ్చినవాళ్ళని పలకరించడానికి అక్కడ ఒకరుండాలి" అంది.

ఆ పలకరింపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాది సంతల్లో జేబులు కొట్టే దొంగపిల్ల పాత్ర. జోరున వానలో, కుంటే గాడిదని తోలుకుంటూ కోట గుమ్మం ముందుకొచ్చి నిలబడిందని నా మొదటి పోస్టు రాశాను. రాసి రోజంతా చూశాను. ఎవరూ పలకలేదు. రాజకుమారుడూ మాంత్రికుడూ వాళ్ళ యుద్ధంలో వాళ్ళున్నారు. మర్నాడూ అంతే. ముక్కూమొహం తెలియనివాళ్ళ పెళ్ళికి వెళ్ళి బంతిలో కూర్చున్నట్టు సిగ్గేసింది. ఇక మానేద్దాం అనుకుంటుండగా మస్తానయ్య రాశాడు.

"వానలో నిలబడ్డావేం తల్లీ, గాడిదని ఇలా చూరు కిందకి తోలుకురా. కుంటేది ఏ కాలు?"

అంతే పోస్టు. ఆ చివరి ప్రశ్న చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఏ కాలో నేను చెప్పాలి. నేను చెబితేగాని కథ కదలదు. ఆయనే 'ఎడమ ముందుకాలు' అని రాసేసి, దాని గిట్టలో ముల్లు తీసేసి, నాచేత దండం పెట్టించుకుని లోపలికి పంపించేయవచ్చు. చాలామంది అలాగే రాస్తారు. ముసలాయన మాత్రం నా గాడిద కాలు నాకే వదిలేశాడు.

"ఎదుటివాళ్ళు పట్టుకోవడానికి ఓ కొస వదలాలండీ" అనేది ఆవిడ. ఆట గురించి ఆవిడ చెప్పిన సూత్రం లాంటి మాట ఇదొక్కటే. మిగతాదంతా ఆవిడ రాసేది చూసి మేం నేర్చుకున్నదే.

రాసే ఆ మనిషి ఎవరో ఏడాది పాటు నాకు తెలియదు. అందరం ఏ కోస్తా పల్లెటూళ్ళోనో అరుగు మీద కూర్చున్న పెద్దాయన అనుకునేవాళ్ళం. ఒకసారి కబుర్లలో మాకు రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉందని రాశాను. వారం తిరిగేసరికి ఒకావిడ దుకాణానికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. గంజి పెట్టిన నేత చీర, గుండ్రటి ముడి, గడియారం ముఖం మణికట్టు లోపలివైపు తిప్పి పెట్టుకుంది. టిఫిన్ డబ్బాలు చూపించమంది. నాలుగైదు మూతలు తీసి, పెట్టి, చప్పుడు విని, ఒకటి ఎంచుకుంది. తర్వాత కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

"గాడిద కుంటడం తగ్గిందాండీ?"

పక్కనే ఉన్న నాన్న కంగారుపడ్డాడు. "మాకు గాడిదల్లేవమ్మా, ఎవరనుకుని అడుగుతున్నారో" అన్నాడు.

నేను కౌంటరు మీది గిన్నెలు దాటుకుని వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నాన్నకి ఆ తర్వాత ఎంత చెప్పినా ఈ ఆట అర్థం కాలేదు. ఆవిడంటే మాత్రం గౌరవం కుదిరింది. వచ్చినప్పుడల్లా తనే కుర్చీ వేసేవాడు.

వాళ్ళది బాపట్ల వైపు. తండ్రి రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. బన్సీలాల్‌పేట్‌లో రెండు గదుల వాటా. ఆదివారం ఉదయం చర్చి బృందంలో, పాట ఎత్తుకునే ముందు గొంతు కాదు, దానికి వెనక కలిసే రెండో గొంతు పాడేది. ముందు గదిలో మూలగా, తన చేత్తో అల్లిన లేసుగుడ్డ కప్పిన కంప్యూటరు. దాని ముందు కూర్చున్నదంటే మనిషి మారిపోయేది. లోయరు, హయ్యరు టైపు పరీక్షలు రెండూ పాసైన వేళ్ళు. మీటల వైపు చూడకుండా టకటకా కొట్టేది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ మీట మీద మాత్రం బొటనవేలితో గట్టిగా ఒక దెబ్బ వేసేది, సుత్తితో కొట్టినట్టు. పోస్టు పూర్తయ్యాక పెదవులు కదుపుతూ మొదటినుంచీ చదువుకునేది. ఎక్కడో ఒకచోట ఆగి నాలుక చప్పరించి, ఒక మాట తీసేసేది. కలపడం ఎప్పుడూ చూడలేదు. తీసేయడమే.

ఎదుటి పాత్ర మనసులో ఏముందో ఆవిడ ఒక్కసారీ రాసి ఎరగదు. ఒకసారి నేను, 'దళపతికి లోలోపల భయమేసింది' అని రాసి పెట్టబోతూ చూపించాను.

"దళపతికి భయమేసిందని దొంగపిల్లకి ఎలా తెలిసిందండీ?"

"మొహం చూస్తే తెలీదా?"

"అయితే ఆ మొహం రాయండి. భయమో కాదో ఆయన చెబుతారు."

ఊరెళ్ళాల్సి వస్తే ముందుగానే చెప్పేది. 'రేపు ఎల్లుండి మస్తానయ్య జ్వరంతో పడుకుంటాడు. నా కోసం ఎవరూ ఆగొద్దు' అని. ఎవరి పోస్టయినా నచ్చితే విడిగా చిన్న మెయిల్ రాసేది. బాగుంది, అద్భుతం లాంటి మాటలుండేవి కాదు. 'మీరు రాసిన ఆ తడిసిన జీను వాసన నాకింకా వస్తూనే ఉంది' అని ఉండేది. ఆ ఒక్క ముక్క కోసం మేం పోస్టుల్లో వాసనలూ చప్పుళ్ళూ వెతుక్కుని రాసేవాళ్ళం.

లాడం ఎలా వేస్తారో చూడటానికి ఒకసారి పెళ్ళి ఊరేగింపు గుర్రాలు కట్టేసే చోటికి వెళ్ళిందట. చాలాసేపు నిలబడి చూస్తుంటే గుర్రాలాయన అడిగాడు, "ఏందమ్మా, షాదీకి గుర్రం కావాల్నా? ఎవరి పెండ్లి?"

"పెళ్ళి కాదు బాబూ, మేకులెలా కొడతారో చూద్దామని."

"ఎందుకమ్మా?"

"నాకూ అదే పనండీ" అందట ఆవిడ. ఈ సంగతి మాకు చెబుతూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

అంతా మెచ్చుకోదగ్గదే అంటే అబద్ధమవుతుంది. ఆవిడతో ఆడాలంటే చాలా ఓపిక కావాలి. మస్తానయ్య ఒక మేకు ఎత్తి దించేలోపు మాకు నాలుగు రోజులు గడిచేవి. యుద్ధం మధ్యలో, గుర్రాలు సిద్ధం కావాల్సిన సమయంలో, ఆవిడ ఇంకా ఒక మాట తీసేయాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండేది. రాజకుమారుడి పాత్ర వేసే విశాఖపట్నం అతను ఆ ఆలస్యానికి విసిగి ఒకసారి కొన్నాళ్ళు ఆట మానేశాడు కూడా.

ఆ నిదానం వల్లే కావచ్చు, దళపతి విషయంలో ఆవిడ సమయానికి నోరు విప్పలేకపోయింది.

దళపతి పాత్ర వేసే అబ్బాయి బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో, మేనమామ ఉల్లిగడ్డల దుకాణంలో బిల్లులు కొట్టేవాడు. డిగ్రీ చదివాడు. పాతికేళ్ళుంటాయి. అతని దళపతి అతని ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతాడు. 'ఏందిర, కోట దర్వాజ ఎవడు ఖుల్లా పెట్టిండు?' అని మీసం తిప్పుతాడు. మాకు ఆ పాత్రంటే ఇష్టంగా ఉండేది.

రాజవైద్యుడి పాత్ర వేసేది మారేడ్‌పల్లిలో ఉండే ఒక పెద్దమనిషి. విజయవాడ నుంచి వచ్చి స్థిరపడ్డారు. మందుల కంపెనీలో ఉద్యోగం. చక్కగా రాసేవారు, తను చక్కగా రాస్తానని ఆయనకి తెలుసు కూడా. ఒకరోజు దళపతి పోస్టు కింద, అందరూ చూసేచోట, ఇలా రాశారు. "సేనను నడిపేవాడి భాషేనా ఇది? కూరగాయల మార్కెట్‌లో నిలబడ్డట్టుంది. కాస్త తెలుగులో రాయండి."

రాష్ట్రం ఉంటుందా, రెండవుతుందా అని రోజూ టీవీల్లో గొంతులు చించుకుంటున్న రోజులవి. ఆఫీసుల్లో పక్కపక్క కుర్చీలవాళ్ళు కలిసి టీ తాగడం మానేశారు. ఆ అబ్బాయి నిజంగానే కూరగాయల మార్కెట్‌లో కూర్చుని రాస్తాడని వైద్యుడుగారికి తెలియదు. అతను బదులివ్వలేదు. మర్నాడూ రాయలేదు, ఆ వారమంతా రాయలేదు. మాలో ఎవరమూ ఏమీ అనలేదు. అంటే గొడవ పెద్దదవుతుందేమోనని ఒకరి వెనక ఒకరు నక్కాం.

ఆ మీదట వైద్యుడుగారు ఇంకో పోస్టు పెట్టారు. దళపతి చీకట్లో కోటగోడ దూకి, సేనను వదిలేసి పారిపోయాడనీ, గోడ మీద కాగడా వెలుగులో వైద్యుడు కళ్ళారా చూశాడనీ. లేని మనిషి పాత్రను పిరికివాణ్ణి చేసి ఊరు దాటించడం! మా ఆటలో అంతకు మించిన అమర్యాద లేదు. మేమంతా బిక్కచచ్చి చూస్తున్నాం. రాజకుమారుడు అప్పుడే కొత్త దళపతి కావాలని చాటింపు వేయించబోతున్నాడు.

ఎప్పుడూ నాలుగు రోజులు తీసుకునే మస్తానయ్య ఆ పూటే రాశాడు.

"మస్తానయ్య కొలిమి ఊదడం ఆపి విన్నాడు. 'మబ్బు పట్టి ఉంది కదా వైద్యులుగారూ, చీకట్లో ఎవరినో చూసి ఉంటారు. ఎవరికైనా పొరబడటం సహజమే. దళపతిగారి గుర్రం నా దగ్గరే ఉంది. మూడు కాళ్ళకి లాడాలు పడ్డాయి, నాలుగోదానికి పడలేదు. దీన్ని వదిలేసి ఆయన ఎక్కడికీ పోడు' అని, గడ్డిమోపు విప్పి గుర్రం ముందు వేశాడు."

అంతవరకూ మా కథలో దళపతికి గుర్రమే లేదు. ఆ నిమిషాన ఆవిడ పుట్టించింది.

మరుసటి సెలవు రోజు నేను వాళ్ళింట్లో ఉండగానే వైద్యుడుగారు ఫోన్ చేశారు. ఆయన గొంతు రిసీవరు దాటి గదిలోకి వినిపిస్తోంది. ఈవిడ మాత్రం ఆఫీసులో ఫోన్ ఎత్తినట్టే నిటారుగా కూర్చుని మాట్లాడింది.

"అవునండీ... మీ పోస్టు బాగుందండీ. ఆ కాగడా, గోడ మీద కదిలే నీడలు... అబ్బే, తీసేయక్కర్లేదు, ఉండనివ్వండి... కాదనడానికి నేనెవరినండీ? ఔననడానికి మీరూ కాదు. ఆయన వచ్చాక ఆయన్నే అడుగుదాం, పారిపోయారో లేదో. ఆయన పాత్ర కదా."

ఫోన్ పెట్టేసింది. తర్వాత లేచి గొడుగు తీసుకుంది.

"నాకు కాస్త తోడొస్తారా? బోయిన్‌పల్లి వెళ్ళాలి."

ఎప్పుడో ఒక మెయిల్‌లో అతను ఆవిడకి చెప్పిన గుర్తు పట్టుకుని, ఆటో దిగి మార్కెట్‌లోకి వెళ్ళాం. ఉల్లిగడ్డల బస్తాలు, తొక్కిన ఆకుకూరలు, బురద. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకుని ఆవిడ దుకాణం దుకాణం ముందూ ఆగి, అదే మర్యాదతో అడుగుతోంది.

"ఇక్కడ దళపతిగారు ఎవరండీ?"

హమాలీలు నవ్వుతున్నారు. నాలుగో దుకాణంలో ఒక కుర్రాడు కంప్యూటర్ వెనక నుంచి ఉలిక్కిపడి లేచాడు. సన్నగా, చెవుల దాకా ఎర్రబడిపోయాడు.

"నేనండీ, మస్తానయ్యని" అంది ఆవిడ.

"మీరా?" అని నోరు తెరిచాడు. "నేను గడ్డం ముసలాయన అనుకున్న మేడమ్!"

బస్తాల మీద గోనెపట్టా పరిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు. చాయ్ తెప్పించాడు. ఆవిడ ఏమీ అడగకముందే తనే మొదలుపెట్టాడు.

"నేనైతే మల్ల రాయ మేడమ్. గట్ల నలుగుర్ల ఇజ్జత్ తీసిండు. మార్కెట్ల ఉన్నట్టున్నదంట. మార్కెట్ల ఉన్నోడు మనిషి కాదా? మా తాత గిట్లనే మాట్లాడుతుండె. ఊర్ల పెద్ద పెద్దోళ్ళు సుత మా తాత ముంగట నిలబడి మాట్లాడుతుండె. దళపతి అంటే నాకు ఆయననే యాదికొస్తడు. గది తప్పా?"

"తప్పని నేననలేదండీ."

"మీరు అనలే. కానీ గాయన అన్నది తప్పని సుత ఎవ్వరు అనలే."

ఆవిడ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నిజమేనండీ. ఆ రోజే అనాల్సింది. ఎలా అంటే బాగుంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పోస్టు రాయడానికి రోజులు తీసుకుంటే ఫరవాలేదు గానీ, ఇలాంటి మాటకి తీసుకోకూడదు. నన్ను క్షమించండి."

తనకన్నా అంత పెద్దావిడ ఆ మాట అనేసరికి అతను బెంబేలెత్తిపోయాడు. "అయ్యో, మీరెందుకు మేడమ్, పరేషాన్ గాకుండ్రి" అంటూ లేచి నిలబడ్డాడు.

"మళ్ళీ రాయమని అడగడానికి రాలేదండీ. అది మీ ఇష్టం. మీ గుర్రం నా కొట్టంలో ఉంది కదా, దాన్ని ఏమని పిలవాలో తెలియడం లేదు. ఆ సంగతి అడుగుదామనే వచ్చాను."

"నా గుర్రమా?" అతను ఆ పోస్టు చూడనే లేదు. మేం చెబితే దుకాణంలో కంప్యూటర్ మీదే తెరిచి చదివాడు. చదివింది మళ్ళీ చదివాడు. చాలాసేపు మా వైపు తిరగలేదు. మేనమామ గల్లా దగ్గర్నుంచి "ఏందిరా, ఏమైంది?" అని అరిస్తే, "ఏం లే మామా" అని ముక్కు తుడుచుకున్నాడు.

"లష్కర్" అన్నాడు చివరికి. "లష్కర్ అని పిలువుండ్రి మేడమ్."

రెండు రోజుల తర్వాత దళపతి కోటలోకి తిరిగొచ్చాడు. పొరుగూరికి వేగు కోసం వెళ్ళాడట, గుర్రం అవసరంలేని పని. ఇప్పుడు అసలు చిక్కు. ఒకే కోటలో దళపతీ వైద్యుడూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఒకరు రాసినచోట ఇంకొకరు రాయడం లేదు. మేం ఎవరి వైపు రాయాలో తెలియక తిప్పలు పడుతున్నాం. అప్పుడు మేడమ్ ఒక పోస్టు పెట్టింది. నాలుగో లాడం కొడుతుండగా లష్కర్ బెదిరి మస్తానయ్య మోకాలి మీద తన్నింది. ముసలాయన నేల మీద పడ్డాడు. గుర్రం ఇంకా ఎగురుతూనే ఉంది. 'ఎవరైనా దాన్ని పట్టుకోండి, వైద్యులుగారిని పిలవండి' అని పోస్టు ముగిసింది.

గుర్రాన్ని పట్టుకోగలిగేది దళపతే. మోకాలు చూడగలిగేది వైద్యుడే. ఇద్దరిలో ఎవరు రాకపోయినా ముసలాయన అలా పడి ఉండాల్సిందే. తన మనిషినే నేలకేసి కొట్టుకుని, ఇద్దరికీ చెరో కొసా వదిలి ఊరుకుంది ఆవిడ. నేను మెయిల్ చేసి, వాళ్ళిద్దరిలో ఎవరికైనా చెప్పనా అని అడిగితే, "వద్దండీ, ఆయనకి నొప్పిగానే ఉంది గానీ ఓర్చుకుంటాడు" అని బదులిచ్చింది.

మూడు రోజులు మస్తానయ్య నేల మీదే ఉన్నాడు. నాలుగో రోజున వైద్యుడుగారు రాశారు. మందుల సంచితో పరుగున వచ్చి, మోకాలు తడిమి, తలెత్తి, "దళపతీ, నువ్వు గుర్రాన్ని పట్టుకుంటేగాని నేను కట్టు కట్టలేను. పట్టుకుంటావా?" అని అడిగారు. అక్కడితో ఆపేశారు. ఆయన పోస్టు ఒక ప్రశ్నతో ఆగడం అదే మొదటిసారి.

"పట్టిన. జెర పైలంగ చూడు వైద్యుడా, ముసలాయన పానం" అని వచ్చింది బదులు.

"పైలంగానే చూస్తాను" అని వైద్యుడు రాశాడు.

ఆ తర్వాత వైద్యుడుగారు ఒక రోజు బోయిన్‌పల్లి వెళ్ళారని దళపతి చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. "సారు మంచోడే అక్కా, జెర నోరు ఎక్కువ" అన్నాడంతే. పోతూ పోతూ వైద్యుడుగారు ఉల్లిగడ్డల సంచి మోసుకెళ్ళారట.

పోవడానికి ముందటి వానాకాలంలో మేడమ్ మా అందరికీ విడివిడిగా మెయిల్ రాసింది. 'మస్తానయ్య కొన్నాళ్ళు ఊరెళ్దామనుకుంటున్నాడు. మీ కథలో ఆయన చేయాల్సిన పని ఏమైనా మిగిలిందా? ఉంటే చెప్పండి, పూర్తి చేసి వెళ్తాడు.' నేను నా దొంగపిల్లకి ఒక పెట్టె తాళంచెవి కావాలన్నాను. వైద్యుడుగారు కత్తెరకి పదును పెట్టించుకున్నారు. ఒక్క దళపతి మాత్రం ఏ పనీ ఇవ్వలేదు. "పని ఒడిస్తే పోతడు గద మేడమ్. నా గుర్రానికి రోజు పని ఉంటది, అది ఒడవదు" అని రాశాడట. ఆ మాటే నాకు ఫోన్‌లో చెప్పి, "మొండివాడండీ" అని నవ్వింది. గొంతు బొంగురుగా ఉంది. జలుబు అంది.

తాళంచెవి పోస్టు ఆవిడ రాసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆకురాయి చప్పుడు, ఇనప రజను, చెవిని వెలుగుకి పట్టి చూసే ముసలి కన్ను. అది ఆసుపత్రికి ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో, మందు ఎక్కించుకున్న రోజే కూర్చుని రాసిందని, ఆవిడ పోయాక వాళ్ళ చెల్లెలు చెబితే తెలిసింది. మాకెవరికీ జబ్బు సంగతి చెప్పలేదు. మా ఆటకి అడ్డు రాకూడదనుకుంది. అది మర్యాదే, కాదనను. కానీ ఒక్కసారి మమ్మల్ని కూడా తన మంచం పక్కన కూర్చోనిచ్చి ఉంటే బాగుండేదని నాకు కష్టంగానే ఉంది.

సమాధుల తోట నుంచి దళపతీ, వైద్యుడుగారూ, నేనూ ముగ్గురం బన్సీలాల్‌పేట్ ఇంటికి వచ్చాం. చర్చివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మస్తానయ్యను ఏం చేయాలన్న మాట మాలో ఎవరమూ ఎత్తలేదు. ఆయన చెయ్యి కదిపే హక్కు ఎవరికీ లేదు, కొట్టం అలా ఉండనిద్దాం అని చూపులతోనే అనుకున్నాం. చెల్లెలు మాకు కాఫీలిచ్చి ఎదురుగా కూర్చుంది. అక్క పోలికలే, కాస్త లావు.

"మీ ముగ్గురూ ఏ చర్చి?" అని అడిగింది.

మేం మొహాలు చూసుకున్నాం.

"మేం చర్చోళ్ళం కాదమ్మా" అన్నాడు దళపతి. "మేడమ్‌తోని కలిసి రాసేటోళ్ళం."

"మా అక్క రాసేదా? ఏం రాసేది?"

చెప్పడానికి ప్రయత్నించాను. కోట, పాత్రలు, పోస్టులు అంటుంటే ఆవిడ మొహంలో అయోమయం పెరుగుతోంది. వైద్యుడుగారు కప్పు కింద పెట్టి గొంతు సవరించుకున్నారు.

"ఒకసారి మా కోటకి వరదొచ్చిందమ్మా" అని మొదలుపెట్టారు. నది గట్టు తెగడం, పొలాల్లోంచి నీళ్ళు కోట వైపు రావడం, గుమ్మం మూసేయమని రాజకుమారుడు ఆజ్ఞ ఇవ్వడం, బయట చిక్కుకున్న జనం, గుమ్మం గొలుసు దగ్గర నిలబడ్డ ముసలి మస్తానయ్య. ఆయన చెబుతుంటే మేం కూడా కళ్ళప్పగించి విన్నాం. హఠాత్తుగా ఆగి, దళపతి వైపు తిరిగారు.

"ఇక్కడ నీ మాట ఉంది తమ్ముడూ. నేను చెప్పొచ్చా?"

అతను చేతిరుమాలు కళ్ళ మీంచి తీశాడు.

"చెప్పుండ్రి సార్."

వైద్యుడుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. చెయ్యెత్తి, ఆ చిన్న గది మారుమోగేలా, ఒక్క అక్షరం తడబడకుండా ఆ అబ్బాయి గొంతుతోనే అన్నారు.

"దర్వాజ బంద్ చెయ్యొద్దు! బయట గొడ్లున్నయ్, పోరగాండ్లున్నరు. ముందుగాల వాళ్ళను లోపటికి రానియ్యుండ్రి. నీళ్ళ సంగతి నేను చూసుకుంట!"

చెల్లెలు తన కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మరి అప్పుడు మా అక్కేం చేసింది?" అని అడిగింది.